చక్రాల ఇంటికి వెలుగు

చీకటి పడిన తరువాత, చెరకు నింపిన ట్రెయిలరును లాగుకొంటూ ఒక ట్రాక్టరు మిల్లుకు బయలుదేరిందనుకొందాం. ముందు దీపాలు వెలుగుతున్నాయి. వెనుక ట్రెయిలరుకు మాత్రం దీపం లేదు. వెనుక నుంచి మోటారు సైకిలు మీద వచ్చేవారికి అది మీదికి వచ్చేదాకా కనిపించదు. ముందు బండిలోని విద్యుత్తు వెనుక బండికి అందకపోతే ఎంత ప్రమాదమో దీనిని బట్టి తెలుస్తుంది.

బ్రిటన్‌లో సెలవులు వస్తే చాలామంది కారు వెనుక కారవాన్‌ను తగిలించుకొని ప్రయాణమవుతారు. కారవాన్ అంటే చక్రాల మీది చిన్న ఇల్లు. అందులో పడకలు, పొయ్యి, దీపాలు, ఫ్రిజ్ ఉంటాయి. ఇంజను మాత్రం ఉండదు. అందువల్ల దారిలో వెనుక దీపాలకు, ఫ్రిజ్‌కు కారే విద్యుత్తును అందిస్తుంది.

కారు బ్యాటరీలో ఆరు ఘటాలు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులు; మొత్తం 12 వోల్టులు. ఇంజను తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటరు అనే యంత్రం విద్యుత్తును పుట్టించి, సుమారు 14 వోల్టులతో బ్యాటరీని నింపుతుంది. కారు వెనుక ఉన్న సాకెట్టులో కారవాన్ ప్లగ్గును అమరిస్తే ఆ విద్యుత్తు కారవాన్‌కు చేరుతుంది. పూర్వం అక్కడ ఏడేసి పిన్నుల సాకెట్లు రెండు వాడేవారు. ఒకటి రోడ్డు దీపాలకు, రెండవది లోపలి అవసరాలకు. ఇప్పటి కారవాన్లకు 13 పిన్నుల సాకెట్టు ఒక్కటే చాలు. డ్రైవరు బ్రేకు తొక్కగానే కారవాన్ వెనుక కూడా ఎర్రదీపం వెలుగుతుంది.

ఫ్రిజ్‌కు ఎక్కువ విద్యుత్తు కావాలి. అది సుమారు 10 ఆంపియర్లు తీసుకొంటుంది. ఇంజను ఆగిన తరువాత కూడా అది పనిచేస్తూ ఉంటే బ్యాటరీ అడుగంటిపోతుంది; కారు మళ్లీ కదలదు. అందుకే రిలే అనే మీటను అమరుస్తారు. ఇంజను ఆగగానే అది ఫ్రిజ్‌కు విద్యుత్తును ఆపివేస్తుంది.

తీగ విషయంలోనూ జాగ్రత్త అవసరం. కాలువ పొడవు పెరిగిన కొద్దీ చివరి పొలానికి నీరు తగ్గుతుంది కదా! తీగలోనూ అంతే. పోయి వచ్చే తీగ నిరోధం 0.2 ఓములు అయితే, 10 ఆంపియర్ల ప్రవాహానికి 2 వోల్టులు తీగలోనే ఖర్చవుతాయి. 14 వోల్టులలో ఫ్రిజ్‌కు చేరేవి 12 మాత్రమే. పోయినది వేడిగా మారుతుంది. లావు తీగకు నిరోధం తక్కువ కనుక నష్టమూ తక్కువ. తీగపై తొడుగు చిరిగి ఇనుముకు తగిలితే మంటలు రేగవచ్చు. బ్యాటరీ దగ్గరే ఉంచిన ఫ్యూజు అప్పుడు తాను కరిగి బండిని కాపాడుతుంది.

బయలుదేరే ముందు ఒకరు బ్రేకు తొక్కుతారు. మరొకరు వెనుక నిలబడి దీపం వెలిగిందో లేదో చూస్తారు. ఈ పరీక్షకు నిమిషం చాలు. చెరకు ట్రెయిలరుకు కావలసినదీ ఇంతే: ఒక ప్లగ్గు, కొన్ని తీగలు, రెండు ఎర్రదీపాలు. వాటి వెల స్వల్పం. అవి కాపాడే ప్రాణానికి వెల లేదు.