సౌరతాపంతో కార్బన్ డయాక్సైడ్ నుంచి ఇంధనం: పైరుకు పోటీయా, తోడా?

ఎండ, నీరు, కార్బన్ డయాక్సైడ్ - ఈ మూడింటితో ఆకు పిండిపదార్థాన్ని తయారుచేస్తుంది. ఇవే ముడిసరకులతో, ఆకు ప్రమేయం లేకుండా, ఇంధనాన్ని తయారుచేసే ప్రయత్నాలు నేడు ప్రయోగశాలల గోడలు దాటి బయటకు వచ్చాయి. మొక్కజొన్న, నూకలు, చెరకు ఇథనాల్ తయారీకి తరలుతున్న ఈ కాలంలో, భూమి ఆహారానికా, ఇంధనానికా అన్న ప్రశ్న ప్రతి వ్యవసాయ శాస్త్రవేత్త ముందూ ఉన్నది. కనుక ఈ పరిజ్ఞానాన్ని రసాయన శాస్త్రజ్ఞుల విషయమని పక్కన పెట్టడం సమంజసం కాదు.

శక్తి లెక్క

కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికే పూర్తిగా మండిన పదార్థం. ఒక మోల్, అనగా 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా, ఆక్సిజన్‌గా విడగొట్టడానికి 283 కిలోజౌళ్ల శక్తి అవసరం. ఉత్ప్రేరకం క్రియ వేగాన్ని పెంచగలదు గాని, ఈ శక్తి లోటును పూడ్చలేదు. ఆ శక్తి సూర్యుని నుంచో, మరొక వనరు నుంచో రావలసిందే.

రెండు మార్గాలు

మొదటిది సీరియం ఆక్సైడ్ మార్గం. అద్దాలతో కేంద్రీకరించిన ఎండలో ఈ పదార్థాన్ని సుమారు 1500 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే, తనలోని ఆక్సిజన్‌లో కొంత భాగాన్ని వదులుతుంది. 900 డిగ్రీల లోపుకు చల్లార్చి నీటి ఆవిరిని, కార్బన్ డయాక్సైడ్‌ను పంపినపుడు వాటి నుంచి ఆక్సిజన్‌ను తిరిగి గ్రహించి, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌ల మిశ్రమాన్ని మిగులుస్తుంది. ఈ సంశ్లేషణ వాయువు నుంచి మిథనాల్‌ను, కిరోసిన్‌ను తయారుచేయవచ్చు. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ శాస్త్రవేత్తలు 2010లో ఈ విధానాన్ని నిరూపించినపుడు సామర్థ్యం 1 శాతం లోపే. మాడ్రిడ్ సమీపంలో 169 అద్దాలతో నిర్మించిన సౌర గోపురంపై ఇది 4.1 శాతానికి చేరినట్లు 2022లో ప్రకటించారు.

రెండవది హైడ్రోజన్ మార్గం. నికెల్ లేదా రుథేనియం ఉత్ప్రేరకంపై 200-400 డిగ్రీల వద్ద కార్బన్ డయాక్సైడ్ హైడ్రోజన్‌తో కలిసి మీథేన్‌గా మారుతుంది. 1912లో నోబెల్ బహుమతి పొందిన పాల్ సబాటియె పేరుతో ఈ చర్య ప్రసిద్ధం. ఎండను నేరుగా గ్రహించి తామే వేడెక్కే సూక్ష్మ లోహ కణాలపై నేడు పరిశోధనలు సాగుతున్నాయి. రాగి-జింక్ ఆక్సైడ్ ఉత్ప్రేరకాలపై అధిక పీడనంలో మిథనాల్ కూడా లభిస్తుంది. ఈ చర్యలు వేడిని వెలువరిస్తాయి. అయితే హైడ్రోజన్ తయారీలోనే శక్తి వ్యయమంతా ముందుగా జరిగిపోయిందని మరువరాదు.

పైరుతో పోలిక

కిరణజన్య సంయోగక్రియ సైద్ధాంతిక గరిష్ఠ సామర్థ్యం వరి వంటి సీ3 పైర్లలో 4.6 శాతం, మొక్కజొన్న వంటి సీ4 పైర్లలో 6 శాతం. పొలంలో పంటకాలం మొత్తానికి లెక్కిస్తే సాధారణంగా 1-2 శాతం లోపే. ఈ అంకెలను బట్టి యంత్రమే మెరుగనిపించవచ్చు. కాని 4.1 శాతం అన్నది రియాక్టర్ ముఖద్వారంలో ప్రవేశించిన ఎండపై, సంశ్లేషణ వాయువు వరకు మాత్రమే వేసిన లెక్క. అద్దాల వద్ద నష్టం, కార్బన్ డయాక్సైడ్ సేకరణ వ్యయం అందులో చేరలేదు. పైరు గాలిలో 0.04 శాతం మాత్రమే ఉన్న వాయువును తానే సేకరించుకుంటుంది; మబ్బు పట్టిన రోజున చెదిరిన కాంతిని కూడా వినియోగించుకుంటుంది. అద్దాలు కేంద్రీకరించగలిగేది సూటిగా పడే ఎండను మాత్రమే. నైరుతి రుతుపవన కాలంలో ఈ తేడా స్పష్టమవుతుంది.

వ్యవసాయంతో అసలు సంబంధం

ఈ పరిజ్ఞానానికి కావలసిన గాఢమైన కార్బన్ డయాక్సైడ్ వ్యవసాయాధారిత పరిశ్రమలలోనూ లభిస్తుంది. పులియబెట్టే ప్రక్రియలో ప్రతి లీటరు ఇథనాల్‌కు సుమారు 0.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ దాదాపు స్వచ్ఛంగా వెలువడుతుంది. బయోగ్యాస్‌లోనూ మీథేన్ పోగా మిగిలిన దానిలో అధికభాగం ఇదే. జర్మనీలోని వెర్ల్టెలో 2013లో ప్రారంభమైన కర్మాగారం బయోగ్యాస్ నుంచి వేరుచేసిన కార్బన్ డయాక్సైడ్‌నే మీథేన్‌గా మార్చింది.

ఉదాహరణకు, రోజుకు లక్ష లీటర్ల ఇథనాల్ తయారుచేసే డిస్టిలరీని తీసుకుందాం. టన్ను మొక్కజొన్నకు 380 లీటర్లు, ఎకరాకు 25 క్వింటాళ్ల దిగుబడి అనుకుంటే, ఏడాదిలో 330 రోజులు నడవడానికి సుమారు 35,000 ఎకరాల పంట కావాలి. అక్కడ రోజూ వెలువడే 75 టన్నుల కార్బన్ డయాక్సైడ్ నుంచి 54 టన్నుల మిథనాల్ రాగలదు. అనగా, ఆ పంట నుంచి వచ్చిన ఇథనాల్‌లోని శక్తిలో సగం అదనంగా లభిస్తుంది. అయితే ఇందుకు రోజుకు 10 టన్నుల హైడ్రోజన్, దానిని నీటి నుంచి పొందడానికి 5 లక్షల యూనిట్లకు పైగా విద్యుత్తు అవసరం. సౌర ఫలకాలతో ఆ విద్యుత్తును ఉత్పత్తి చేయాలంటే సుమారు 500-600 ఎకరాలు కావాలి. ఈ స్థలం సాగుభూమి కారాదు. రాళ్లగుట్టల, బీడు నేలల ఎంపిక ముఖ్యం. హైడ్రోజన్ ధర తగ్గనంతవరకు ఈ లెక్క కాగితంపైనే నిలుస్తుంది.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

ఇటువంటి ప్రతిపాదన ఏదైనా ఒక ప్రాంతానికి వచ్చినపుడు నాలుగు ప్రశ్నలు వేయడం అవసరం: కార్బన్ డయాక్సైడ్ ఎక్కడిది? హైడ్రోజన్‌కు శక్తి ఎక్కడిది? అద్దాలు, ఫలకాలు ఏ భూమిలో నిలుస్తాయి? వాటిని కడగడానికి నీరు ఏ బోరు నుంచి వస్తుంది? ఈ నాలుగింటికీ సమాధానం లేని ప్రతిపాదన రైతు భూమిపైన, భూగర్భజలంపైన భారమే అవుతుంది. సమాధానం ఉన్నపుడు మాత్రం, పంట ఒకసారి గాలి నుంచి సేకరించి తెచ్చిన కార్బన్‌ను వృథాగా వదలక మరొకసారి వినియోగించుకునే అవకాశం కలుగుతుంది. ఈ పరిజ్ఞానం పైరుకు పోటీ కాక తోడు కావడం ఆ ఎంపికపైనే ఆధారపడి ఉన్నది.