చెమ్మకు చెడు తీగ

చిత్తూరు ప్రాంతమున బెల్లము వండువారికి తుపాను దినములనిన జంకు. వేసవిలో రాతివలె గట్టిగా నుండు అచ్చు, ముసురు నాలుగు దినములు పట్టినచో చెమ్మగిల్లి, జిగటయై, కారుటకు మొదలిడును. దానిపై ఎవ్వరును నీరు చల్లలేదు. గాలిలోని ఆవిరిని బెల్లమే పీల్చుకొనినది.

ఆ బెల్లమునకు దూరపు చుట్టమొకటి నేడు తిరుపతి, చిత్తూరులకును వచ్చినది. అది త్రీడీ ప్రింటరునందు వాడు ప్లాస్టిక్ తీగ. 2016లో ఆరంభమైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల మూలమున దేశమున పెక్కు బడుల పిల్లలు ఈ యంత్రమును ఎరుగుదురు. సాధారణముగా 1.75 మిల్లీమీటర్ల మందము గల తీగను యంత్రము సుమారు 200 డిగ్రీల వేడిలో కరగించి, సన్నని రంధ్రముగుండ పొరపై పొరగా పోసి వస్తువును నిర్మించును. మన మురుకుల గొట్టము పనియు ఇంచుమించుగా ఇట్టిదే. విరివిగా వాడబడు తీగకు పి.ఎల్.ఎ. అని పేరు. దీనిని అమెరికాలో మొక్కజొన్ననుండియు, థాయిలాండులో చెఱకు చక్కెరనుండియు చేయుదురు. కావున చుట్టరికపు మాట ఊరక అన్నది కాదు.

తిరుపతికి నైరృతి ఋతుపవనముల వానయే గాక, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వానయు గలదు. 2021 నవంబరులో ఊరి వీథులు ఏరులై పారినవి. అట్టి దినములలో బల్లపై విడిచిన తీగ తేమను పీల్చును గాని, చూపునకు ఏ మార్పును కనబడదు. బెల్లము కారి తన సంగతి తెలుపును; తీగ తెలుపదు. యంత్రమున కరగునపుడు మాత్రము లోని నీరు ఆవిరియై చిటపటలాడును. వస్తువుపై బుడగలును, వెండ్రుకల వంటి పోగులును ఏర్పడును.

అంతకన్న పెద్ద కీడు లోపల జరుగును. ప్లాస్టిక్ అణువులు పొడవైన గొలుసుల వంటివి. అంతటి వేడిలో నీరు ఆ గొలుసుల లంకెలను తెంచును. దీనినే జలవిశ్లేషణమందురు. గొలుసులు పొట్టివైన కొలది వస్తువు బలము తగ్గును; చూచుటకు చక్కగా నున్న కొక్కెము బరువు తగిలించినంతనే విరుగును. తెగిన లంకెలు పిదప ఎంత ఆరబెట్టినను మరల కలియవు. కరగింపకముందే నీటిని తీయవలయును.

వడియములవలె ఎండలో పెట్టరాదా? ముసురు దినమున ఎండ యుండదు. ఉన్నపుడు దాని వేడి మన అదుపులో నుండదు. పి.ఎల్.ఎ. 60 డిగ్రీలకు చేరువలోనే మెత్తబడి, చుట్టలు ఒండొంటికి అంటుకొనును. అందువలన 45 నుండి 50 డిగ్రీల నిలుకడ వేడి గల పెట్టెలో నాలుగైదు గంటలుంచుదురు. తేమగాలి వెలుపలికి పోవుటకు దానికి సందుండవలెను. నైలాను తీగ తేమను మరింత ఆత్రముగా పీల్చును. దానికి 70 డిగ్రీలకు పైబడిన వేడియు, ఎక్కువ కాలమును కావలెను.

ఆరిన తీగను రబ్బరు పట్టీ మూత గల డబ్బాలో భద్రపరతురు. కొందరు అందులో బియ్యపు మూట నుంచుదురు గాని ఫలితము స్వల్పము. నిలువ బియ్యములోనే నూటికి 12 నుండి 14 పాళ్లు నీరుండును. గాలి మోయగల ఆవిరిలో నూటికి ఎన్ని పాళ్లున్నవో తెలుపు లెక్కను సాపేక్ష ఆర్ద్రత యందురు. బియ్యమున్న డబ్బాలో అది సుమారు 60 శాతముండును. తీగకు 20 శాతమునకు లోబడి యుండుట మేలు. ఆ పని సిలికా జెల్ గుళికలు చేయును. నారింజ రంగు గుళికలు తేమ నిండగానే ఆకుపచ్చనగును. సుమారు 120 డిగ్రీల వేడిలో వేచినచో మరల పనికివచ్చును. నీలి రంగువానిలో కోబాల్టు లవణము గలదు. అది విషము, పిల్లలు ముట్టరాదు, వంట పాత్రలలో వేపరాదు.

తీగ ఆరినదో లేదో తెలియుటకు త్రాసు చాలును. గంట గంటకు తూచుచు, బరువు తగ్గుట ఆగినంతనే తీయవచ్చును. కిలో తీగలోనుండి పోవు నీరు కొలది గ్రాములే గనుక కూరగాయల అంగడి త్రాసు పనికిరాదు. గ్రాము తేడాను చూపునది కావలెను.