సంతకము లేని బొమ్మలు

1940వ దశకమున అమెరికాలో పది సెంట్లకు దొరకు పలుచని రంగుల బొమ్మల పుస్తకములను నెలనెలా కొని చదువుచుండిన పిల్లలు కొందరు, అందులోని డొనాల్డ్ డక్ కథలన్నియు ఒక్క చేతి పని కావనియు, వానిలో కొన్ని మాత్రము తక్కినవానికంటె ఎంతయో మేలైన చిత్రకారుడొకడు గీసినవనియు ఎవరును చెప్పకయే కనిపెట్టిరి. అట్టమీద ఉన్న పేరు వాల్ట్ డిస్నీది ఒక్కటే. గీసినవారి పేర్లు అచ్చువేయుట ఆనాటి ఆచారము కాదు. అయినను గీతను బట్టియే మనిషిని ఆనవాలు పట్టిన ఆ పిల్లలు, తమకు తెలియని ఆ కళాకారుని 'మంచి బాతుల చిత్రకారుడు' అని పిలుచుకొనసాగిరి. పాఠకుని అభిమానము ఇంతకంటె నిర్మలముగా ఉండగలదని నేననుకొనను. కీర్తియు ప్రకటనయు దానిని పుట్టింపలేదు. కంటికి కనబడిన పనితనమొక్కటే పుట్టించినది.

ఆయన పేరు కార్ల్ బార్క్స్. 1901లో ఓరెగాన్ రాష్ట్రమున మెరిల్ అను చిన్న ఊరి సమీపమున వ్యవసాయ కుటుంబమున జన్మించి, బడిచదువు కొద్దిపాటితో ముగియగా, వినికిడి నానాటికి తగ్గుచుండగా, పొలములలోను రైల్వే కర్మాగారమునను కాయకష్టము చేసి బ్రతికిన ఆ మనిషి, 34 ఏండ్ల ప్రాయమున 1935లో డిస్నీ స్టూడియోలో చేరెను. కదలు బొమ్మల చిత్రములకు హాస్యఘట్టములు కల్పించుట అచట ఆయన పని. 1942లో ఆ కొలువు విడిచి, దక్షిణ కాలిఫోర్నియాలో కోళ్లు పెంచుకొని జీవింపదలచి పోయినవాడు, దానికి తోడుగా చేపట్టిన బాతు కథల రచనయందే 1966 వరకును నిలిచిపోయెను. ఆ కాలమున ఆయన గీసిన పుటలు 6,000కు పైబడినవి. వానిలో పెక్కింట కథయు, సంభాషణయు, బొమ్మయు మూడును ఆయనవే.

తెరమీది డొనాల్డ్‌కు బలము గొంతు. కోపము వచ్చినప్పుడు ముద్దముద్దగా వెలువడు ఆ కూతకే ప్రేక్షకులు నవ్వుదురు. కాగితమునకు గొంతు లేదు గనుక బార్క్స్ ఆ బాతునకు మనస్సు నిచ్చెను. ముగ్గురు మేనల్లుళ్లను పెంచు భారము, చేతికందినట్లే అంది జారిపోవు ఉద్యోగము, పొరుగువానితో పంతము, అదృష్టవంతుడైన దాయాదిని చూచిన అసూయ, ఇన్ని గల గృహస్థుగా ఆ పక్షిని తీర్చి, ఒక కనుబొమ్మను రవంత ఎత్తియు, ముక్కు మూలను ఒకింత వంచియు, డంబమును, భయమును, సిగ్గును వేరువేరుగా చూపించెను. ఆ పిల్లలు ఆనవాలు పట్టినది ఈ సూక్ష్మమునే.

ఆయన పనికి నమూనాగా ఒక కథ చెప్పవలసివచ్చిన, 1949లో వెలువడిన 'లాస్ట్ ఇన్ ది ఆండీస్'నే నేను చెప్పుదును. చతురస్రాకారపు గ్రుడ్లను వెదకుచు డొనాల్డును, మేనల్లుళ్లును పెరూ పర్వతములెక్కి, పొగమంచు కప్పిన ఒక లోయలో దిగుదురు. అచట కోళ్లును, గ్రుడ్లును, ఇండ్లును, తుదకు మనుష్యుల దేహములును పలకలు పలకలుగా ఉండును. గుండ్రని వస్తువును చేయుట నేరము. బబుల్‌గమ్ బుడగ ఊదిన పాపమునకు యావజ్జీవము రాతిగనిలో పని చేయవలెనని శిక్ష పడగా, పలకల కోడిపిల్లలను చాటున ఉంచుకొని వానిచేత పలకల బుడగలు ఊదించి ఆ బాలురు బయటపడుదురు. ఇంత శ్రమపడి ఇంటికి తెచ్చిన కోళ్లు రెండును పుంజులు! అసంభవమైన ఈ కథ నమ్మదగినదిగా తోచుటకు కారణము దాని వెనుకనున్న లోకము. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికల సంచికలు ప్రక్కన పెట్టుకొని, దూరదేశముల కొండలను, కట్టడములను, ఓడలను వానిలోని ఛాయాచిత్రములు చూచి గీయుట బార్క్స్ అలవాటు. ఆనాడు ఇల్లు కదలని ఆ మనిషి దేశాటనమంతయు ఆ సంచికలలోనే.

1947లో ఒక క్రిస్మస్ కథ కొరకు కల్పించిన డొనాల్డ్ ముసలి మేనమామ అంకుల్ స్క్రూజ్, తొలుత లోకమును ద్వేషించు ఒంటరి లోభి మాత్రమే. 1952 నాటికి తన పేరనే పుస్తకము గలవాడై, నాణెముల రాశిలో ఈదులాడుచు, అటుపిమ్మట తాను తొలుత గడించిన పది సెంట్ల నాణెమును ప్రాణప్రదముగా దాచుకొనువాడయ్యెను. ధనముకంటె అది గడించిన రోజుల జ్ఞాపకమే ఆయనకు ప్రియమని గ్రహించినచో, ఆ లోభిని ఇందరు ఎందులకు ప్రేమింతురో బోధపడును.

1960లో ఆ అభిమానులలో ఒకరు చిత్రకారుని పేరు, చిరునామా సంపాదించి ఉత్తరము వ్రాసిరి. అప్పటికి అరువదేండ్లు సమీపించుచున్న బార్క్స్, తోటివాడెవడో తన్ను ఆటపట్టించుటకు వ్రాసినదని మొదట అనుమానించెనట. నెలకు 30 లక్షలకు మించి ప్రతులు అమ్ముడైన కాలము చూచిన పత్రికకు ప్రధానాకర్షణమైన మనిషి, తన పనిని మెచ్చు పాఠకుడొకడు ఉన్నాడని నమ్మలేకపోయెను. ఈ సంగతి తలచినపుడెల్ల నాకు మనసు కలుక్కుమనును.

చిట్టెలుక విషయమునను ఇదియే చరిత్ర. దినపత్రికలలో మిక్కీ మౌస్ బొమ్మల వరుస 1930 జనవరిలో ప్రారంభమైనది. ఆ మే 5న, తన 25వ జన్మదినమున, ఫ్లాయిడ్ గాట్‌ఫ్రెడ్సన్ దానిని చేపట్టెను. రెండు వారములకని అప్పగించిన ఆ పని 45 ఏండ్లు నడచి 1975లో ముగిసినది. బాల్యమున తుపాకి ప్రమాదమున చేయి దెబ్బతిన్నవాడగుటచే, వ్రేళ్లతో గాక బాహువంతయు కదల్చి గీయుట ఆయన నేర్చుకొనెను. ఆయన మిక్కీ నేటి బొమ్మల దుకాణములలోని నవ్వుముఖము కాదు. కలబడుటకు వెనుదీయని సాహసి. 1939 నాటి కథలో నల్లని ముసుగు దొంగ ఫాంటమ్ బ్లాట్, కెమెరాలను దొంగిలించి పగులగొట్టుచుండగా, ఆ రహస్యమును ఛేదించు మిక్కీని చూచినవారికి ఈ భేదము తెలియును. గాట్‌ఫ్రెడ్సన్ పేరును సైతము వెలికి తీసినది అభిమానులే.

ఐరోపాలో ఈ అభిమానము పాండిత్యముగా పరిణమించినది. జర్మనీలో 1951లో మొదలైన మిక్కీ మౌస్ పత్రికకు సంపాదకురాలైన డాక్టర్ ఎరికా ఫుక్స్, మహాకవులైన గేథే, షిల్లర్‌ల ధ్వనులు వినబడునట్లు ఆ బాతులచేత చక్కని జర్మన్ పలికించెను. 1977లో అచటి అభిమానులు ఒక సంఘముగా ఏర్పడి, ఆ బాతుల నగరపు భూగోళమును, ఆచారములను శాస్త్రవిషయములవలె చర్చింపసాగిరి. ఇక కెంటకీ రాష్ట్రపు డాన్ రోసా అను అభిమాని, కుటుంబ వ్యాపారమును వదలి 1987లో తానే బాతు కథలు గీయ నారంభించి, స్క్రూజ్ గతమును గూర్చి బార్క్స్ అక్కడక్కడ విడిచిన మాటలనన్నిటిని ఏరి కూర్చి, 12 అధ్యాయముల జీవితచరిత్ర రచించెను. ఆయన కథల తొలి బొమ్మలలో డి, యు, సి, కె అను నాలుగు అక్షరములు ఎచటనో చిన్నవిగా దాగియుండును. బార్క్స్‌కు రోసా ఇచ్చిన అంకితము అది. భూతద్దము పట్టి దానిని వెదకు పాఠకులు కలరు. వెదకుటలోని ఆనందము వారికే తెలియును.

బార్క్స్ 1994లో, 93 ఏండ్ల వయస్సున, ఐరోపాలో పర్యటించి ఆ పాఠకులను స్వయముగా కలిసికొనెను. 2000లో, నూరేండ్లకు కొద్ది నెలలు తక్కువగా, ఓరెగాన్‌లోనే కన్నుమూసెను.

తెలుగువారిలో ఒక తరము 1990వ దశకపు ఆదివారములందు దూరదర్శన్‌లో హిందీలో వచ్చిన డక్‌టేల్స్‌ను చూచి పెరిగినది. అందలి స్క్రూజ్‌ను, దొంగల ముఠాను, యంత్రముల పిచ్చివాడైన గైరోను సృజించినవాడు బార్క్సే. 2011 నుండి అమెరికాలోని ఫాంటాగ్రాఫిక్స్ సంస్థ బార్క్స్, గాట్‌ఫ్రెడ్సన్ కథలను మేలైన సంపుటములుగా వెలువరించినది. ఇంగ్లీషు చదువనేర్చిన పిల్లలున్న తల్లిదండ్రులు వీనిలో ఒకటి తెప్పించి, ముందుగా ఆండీస్ కథను పిల్లలతో కూర్చుండి చదువుడు. తొందరపడి పుట త్రిప్పకుడు. బొమ్మ వెనుకనున్న కొండలను కూడ చూడుడు.