బొప్పాయి ఆకు రసంతో డెంగీ తగ్గుతుందా?

1996లో ఢిల్లీలో పది వేల మందికి పైగా డెంగీ సోకింది, నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. 2015లో కేసులు మళ్ళీ పదిహేను వేలు దాటాయి. ఆ ఏడాది నగరంలో మేకపాలకూ బొప్పాయి ఆకులకూ ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అప్పటినుంచి వానలు వెనకబట్టి సెప్టెంబరు, అక్టోబరు నెలలు వస్తే చాలు, ఆకుల వేట మొదలవుతుంది. కటవారియా సరాయ్‌లో ఈ ఆకుల మాట మరీ ఎక్కువ. ఢిల్లీ ఐఐటీకీ కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాకూ ఆనుకుని ఉన్న ఈ పాత ఊళ్ళో, గేట్, ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్షల కోసం వచ్చిన మన పిల్లలు ఇరుకు సందుల్లోని అద్దె గదుల్లో ఉంటారు. ఇంటి వైద్యం తప్ప పక్కన ఇంటివాళ్ళు లేని బతుకు అది. అందుకే బొప్పాయి ఎంతవరకు ఆహారమో, ఎంతవరకు మందో వాళ్ళకు స్పష్టంగా తెలియాలి.

పండులో అసలేముంది?

వంద గ్రాముల పండిన బొప్పాయిలో సుమారు 60 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. రోజుకు మగవాళ్ళకు 80, ఆడవాళ్ళకు 65 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్కగట్టింది. అంటే ఓ మోస్తరు గిన్నెడు ముక్కలు తింటే ఆ రోజుకు విటమిన్ సి గురించి దిగులుండదు. ముక్కలకు ఆ నారింజ రంగునిచ్చే కెరోటిన్ పదార్థాల్లో కొన్ని ఒంట్లో విటమిన్ ఎగా మారి కంటికీ చర్మానికీ అక్కరకొస్తాయి. వీటిని ఒళ్ళు పట్టుకోవాలంటే కాస్త కొవ్వు తోడుండాలి. భోజనం చేశాక తిన్నా, గుప్పెడు వేరుశనగలతో తిన్నా సరిపోతుంది. నీరు, పీచు కూడా ఉండటంతో, గంటల తరబడి కూర్చుని చదివేవాళ్ళను వేధించే మలబద్ధకానికి ఇది చవకైన విరుగుడు.

మాంసాన్ని మెత్తబరిచే కాయ మన భోజనాన్నీ అరిగిస్తుందా?

ముదురు మాంసం ఉడకకపోతే పచ్చి బొప్పాయి ముక్క వేయడం మన వంటిళ్ళలో పాత అలవాటే. కాయను గీస్తే కారే పాలలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసంలోని ప్రొటీన్లను చిన్న తునకలుగా తెంపుతుంది. గట్టిగా మరిగేకొద్దీ దాని శక్తి పోతుంది, అందుకే ముక్కను ముందుగానే నూరి మాంసానికి పట్టిస్తారు. కాయ పండేకొద్దీ పాలు తగ్గిపోతాయి, పపైన్ కూడా తగ్గుతుంది. కాబట్టి పండు తిన్నాక పొట్ట తేలికపడితే ఆ మేలు ఎక్కువగా పీచుది, నీటిది.

ఎవరు జాగ్రత్త పడాలి?

గర్భిణులు బొప్పాయి ముట్టకూడదని మన పెద్దలు గట్టిగా చెబుతారు. ఇందులో కాయకూ పండుకూ తేడా చూడాలి. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో, పండిన బొప్పాయి రసం ఎలుకల గర్భసంచిని ముడుచుకునేలా చేయలేదు, పచ్చికాయ పాలు మాత్రం చేశాయి. అందువల్ల గర్భిణులు పచ్చికాయనూ, సగం పండినదాన్నీ మానాలి. బాగా పండినదాని సంగతి తమను చూసే డాక్టరుతో మాట్లాడాలి. రబ్బరు చేతి తొడుగులు పడనివాళ్ళలో కొందరికి బొప్పాయి కూడా పడదు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్ళు బొప్పాయి మాత్రలు, ఆకు సారాలు డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఆకు రసం ప్లేట్‌లెట్లను పెంచుతుందా?

కొంత ఆధారం ఉంది. 2013లో మలేషియాలో 228 మంది డెంగీ రోగులతో చేసిన అధ్యయనం వెలువడింది. మూడు రోజులు ఆకు రసం తాగినవాళ్ళకు, తాగనివాళ్ళకంటే ప్లేట్‌లెట్లు త్వరగా పెరిగాయి. మన దేశంలో ఆకు సారంతో మాత్రలు కూడా అమ్ముతున్నారు. అయితే ఎవరికి రసం ఇస్తున్నారో రోగులకూ వైద్యులకూ తెలిసే ఆ అధ్యయనం జరిగింది. పైగా ప్లేట్‌లెట్ల అంకె పెరగడం వేరు, ప్రాణాపాయం తప్పడం వేరు. ఆ రసం వల్ల మరణాలు తగ్గుతాయని ఇంతవరకు రుజువు కాలేదు.

మరి తాగినవాళ్ళందరికీ పెరిగాయంటారే?

తాగనివాళ్ళలో కూడా ఎక్కువమందికి పెరుగుతాయి కాబట్టి. డెంగీలో జ్వరం మొదలైన మూడు నాలుగు రోజులకు ప్లేట్‌లెట్లు పడిపోతాయి. వారం గడిచేసరికి ఎక్కువమందిలో వాటంతటవే లేస్తాయి. అంకె బాగా పడినప్పుడు భయంతో రసం మొదలుపెడతాం, రెండు రోజుల్లో అంకె లేస్తుంది, పేరు ఆకుకు దక్కుతుంది.

డెంగీలో ప్రాణం తీసేది చాలాసార్లు ప్లేట్‌లెట్ల లోటు కాదు. రక్తనాళాల గోడల్లోంచి ప్లాస్మా బయటికి ఊరిపోయి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోవడం అసలు ముప్పు. అది జ్వరం తగ్గే వేళకే ముంచుకొస్తుంది. జ్వరం జారింది, రసం పనిచేసింది అనుకుని పడుకునే ఆ ఒకటి రెండు రోజులే అన్నిటికంటే ప్రమాదకరం. చేదు రసం తాగి వాంతి చేసుకుంటే ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. ఆ వాంతి రసం వల్ల వచ్చిందో జబ్బు ముదిరి వచ్చిందో తెలియకుండా పోతుంది.

అయితే ఏం చేయాలి?

జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష చేయించాలి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోకూడదు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఓఆర్‌ఎస్, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, గంజి కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోంచో ముక్కులోంచో రక్తం, విపరీతమైన మగత, చేతులు కాళ్ళు చల్లబడటం, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి. కటవారియా సరాయ్ నుంచి సఫ్దర్‌జంగ్, ఎయిమ్స్ కొద్ది కిలోమీటర్ల దూరమే. ప్లేట్‌లెట్లు ఎక్కించాలా వద్దా అన్నది డాక్టర్లు రక్తస్రావాన్ని కూడా చూసి తేలుస్తారు.

డెంగీని మోసే దోమ పగలు కుడుతుంది, నిలవ ఉన్న మంచినీళ్ళలో పెరుగుతుంది. వారానికోసారి కూలరు నీళ్ళు పారబోసి, తుడిచి ఆరబెడితే, మేడమీది ట్యాంకుకు మూత బిగిస్తే ఏ ఆకూ చేయలేని మేలు జరుగుతుంది.

బొప్పాయి పండు కొనేటప్పుడు బండిమీద కోసి పెట్టిన ముక్కలు కాకుండా పండునే కొని, కడిగి, గదిలో కోసుకోండి. ముక్కల మీద ఈగలతో, మురికి నీళ్ళతో టైఫాయిడ్, కామెర్లు కూడా రావచ్చు. జ్వరం నుంచి కోలుకునేటప్పుడు నోటికి హితవుగా ఉండే మెత్తని పండు ఇది, హాయిగా తినండి.

ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు ఒక విన్నపం. మీ అబ్బాయో అమ్మాయో అక్కడ జ్వరంతో పడుకుంటే ఫోనులో మూడు ప్రశ్నలు అడగండి: జ్వరం ఎప్పుడు తగ్గింది, చివరిసారి మూత్రానికి ఎప్పుడు వెళ్ళావు, రాత్రికి నీ పక్కన ఎవరుంటారు? నాలుగు నుంచి ఆరు గంటలుగా మూత్రం రాలేదంటే గదిలో తోడున్న పిల్లలతో మాట్లాడి వెంటనే ఆసుపత్రికి పంపించండి.