నైజీరియా ప్రజల విసుగు - దాని పుట్టుపూర్వోత్తరములు

2024 జూన్ 25వ తేదీన కెన్యా రాజధాని నైరోబీలో పన్నుల బిల్లును నిరసించుచు యువజనులు శాసనసభా భవనములోనికి చొచ్చుకొనిపోయినారు. మరునాడే అధ్యక్షుడు రూటో ఆ బిల్లుపై సంతకము చేయనని ప్రకటించవలసి వచ్చినది. ఐదు వారములు గడచినంతలో, ఆగస్టు 1న, ఖండమునకు ఆవలి కొసనున్న నైజీరియాలో దుష్పరిపాలన అంతము కావలెనను నినాదముతో పది దినముల నిరసన మొదలైనది. దక్షిణమున యొరూబా భాషలో "ఎబి న్ పా వా", అనగా "ఆకలి మమ్ము చంపుచున్నది" అను కేకలు వినవచ్చినవి. ఉత్తరమున కానో, కదూనా నగరములలో హౌసా యువకులు వీధులు నింపినారు.

ఆఫ్రికాలో ఇటువంటివి మామూలేనని పత్రికను పక్కన పెట్టుట సులభము. కాని ఇరువది కోట్లకు మించిన జనము, అపారమైన చమురు, విదేశములలో పేరు గడించిన వైద్యులు, రచయితలు, ఇంజనీర్లు గల దేశములో ఆకలి కేక ఏల లేచినదో విచారించుట విద్యార్థులమైన మనకు ఉచితము. 54 దేశములున్న ఖండమును ఒకే గాట కట్టుట న్యాయము కాదు గనుక ఈ వ్యాసమున మేము నైజీరియా నొక్కదానినే తీసికొనుచున్నాము.

చరిత్రను క్లుప్తముగా చెప్పుకొందము. నైజీరియాకు 1960 అక్టోబరు 1న స్వాతంత్ర్యము వచ్చినది. 1966 జనవరిలో మొదటి సైనిక తిరుగుబాటు, 1967 నుండి 1970 వరకు బయాఫ్రా అంతర్యుద్ధము, పిమ్మట ఒక సేనాని తరువాత ఇంకొక సేనాని. 1979లో పౌర ప్రభుత్వము ఏర్పడి 1983 చివరి దినమున కూలినది. 1993 జూన్ 12న జరిగిన ఎన్నికను సైనిక ప్రభుత్వము రద్దు చేసినది. అందు గెలిచినట్లు అందరు నెరిగిన మషూద్ అబియోలా 1998 జులైలో నిర్బంధములోనే మరణించినారు. 1999 నుండి ఎన్నికలు ఎడతెగక జరుగుచున్నవి. అంతవరకు మెచ్చుకొనవలసినదే. ఓటు వచ్చిన తరువాత కూడ విసుగు తగ్గకపోగా పెరిగినది. మాకు ముఖ్యముగా తోచిన ప్రశ్న ఇదియే.

దీనికి సమాధానము వెదకుచుండగా మాకొక చిత్రమైన ఆధారము దొరకినది. అది రాజకీయములకు సంబంధించినది కాదు, రైలుకు సంబంధించినది. కానో ప్రాంతము వేరుశనగకు ప్రసిద్ధి. మన రాయలసీమ రైతునకు ఆ పంట సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. అక్కడ బస్తాలను పిరమిడ్ల వలె పేర్చి, సుమారు ఎనిమిది వందల మైళ్ళ దూరమున నున్న ఓడరేవులకు రైలుపై పంపెడివారు. ఇంత దూరమునకు రైలు కన్న చౌకయైన సాధనము ఉండరాదు. అయినను 1960ల నాటికి సరకు లారీలకు మరలసాగినది. ఆ దినములలో అచ్చటి అభివృద్ధి పథకములను పరిశీలించిన ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అను అర్థశాస్త్రవేత్తకు ఇది వింతగా తోచినది. పోటీ వచ్చినప్పుడు రైలు బాగుపడవలెను గదా? బాగుపడలేదు. ఏలయనగా ఆలస్యమునకు, నష్టమునకు గట్టిగా అడుగగల పెద్ద వర్తకులే మొదట లారీలకు వెళ్ళిపోయినారు. మిగిలినవారికి అడుగు శక్తి లేదు. నష్టము వచ్చినను ఖజానా పూడ్చుచుండెను గనుక రైల్వే అధికారులకు నిద్ర చెడలేదు. ఈ పరిశీలన నుండియే ఆయన 1970లో ప్రకటించిన సుప్రసిద్ధ గ్రంథము పుట్టినది. విసిగినవానికి రెండు దారులు: అడుగుట, వదలిపోవుట. వదలిపోవుట సులభమైన చోట అడుగువారు కరవగుదురు.

ఆ రైలు కథను నైజీరియా ప్రభుత్వ శాఖలకు ఒక్కొక్కదానికి అన్వయించి చూడవచ్చునని మా అభిప్రాయము. విద్యుత్తు సంగతి చూడుడు. 1972లో ఏర్పడిన జాతీయ విద్యుత్ సంస్థ పేరు పొడి అక్షరములలో "నెపా". ప్రజలు దానిని "నెవర్ ఎక్స్‌పెక్ట్ పవర్ ఆల్వేస్" అని విడమరచినారు. కరెంటు ఎల్లప్పుడు ఉండునని ఆశింపవద్దని భావము. 2005లో పేరు మార్చి "పి.హెచ్.సి.ఎన్." అనగా, "ప్లీజ్ హోల్డ్ కాండిల్ నియర్‌బై" అన్నారు, దయచేసి కొవ్వొత్తి దగ్గర ఉంచుకొనుడని అర్థము. 2013లో పంపిణీ ప్రైవేటు కంపెనీల పరమైనది. అటు పిమ్మట కూడ గ్రిడ్‌లో సాధారణముగా దొరకునది నాలుగైదు వేల మెగావాట్లే. ఇది ఎంతటి కొరతయో తెలియుటకు ఒక పోలిక చాలును: 2024 మార్చిలో మన తెలంగాణ రాష్ట్రమొక్కదాని గరిష్ఠ డిమాండు 15,000 మెగావాట్లు దాటినది.

మరి అచ్చటి ప్రజలు ఏమి చేసిరి? సంపన్నులు పెద్ద డీజిల్ జనరేటర్లు పెట్టుకొన్నారు. మధ్యతరగతివారు చిన్న పెట్రోలు జనరేటర్లు కొన్నారు. చేతితో మోసికొని పోదగిన ఆ చిన్న యంత్రమునకు జనము పెట్టిన ముద్దుపేరు "ఐ బెటర్ పాస్ మై నైబర్". పొరుగువాని కన్న మేము మేలు అని. ఈ పేరులో హాస్యమున్నది, దుఃఖమును ఉన్నది. వీధి దీపము వెలుగకపోయినచో పదిమంది కలిసి అడుగవలసిన చోట, ఎవరి ఇంటి దీపము వారు వెలిగించుకొని పొరుగువానిని మించినామని తృప్తిపడుట ఆ పేరులో ఇమిడి యున్నది. నీటికి సొంత బోరు, కావలికి సొంత మనిషి, పిల్లలకు ప్రైవేటు బడి. ఈ విధముగా ప్రతి ఇల్లును ఒక చిన్న ప్రభుత్వమైనది. పెద్ద ప్రభుత్వమును అడుగవలసిన అవసరము, అడుగు అలవాటు రెండును సన్నగిల్లినవి.

నాయకులు కూడ వదలిపోయినవారిలో చేరుట ఈ కథలో విషాద భాగము. 1983 డిసెంబరు 31న పౌర ప్రభుత్వమును కూలద్రోసినప్పుడు రేడియోలో ప్రకటన చదివిన సైనికాధికారి, మందులు, నీరు, పరికరములు లేని ఆసుపత్రులు సలహా కేంద్రములుగా దిగజారినవని పాత ప్రభుత్వమును నిందించినాడు. ఆ అధికారి పేరు సానీ అబాచా. పదేండ్ల తరువాత తానే పాలకుడై దేశధనమును కోట్ల డాలర్లుగా విదేశీ బ్యాంకులకు తరలించినాడు. ఆ డబ్బు విడతలు విడతలుగా 2020 తరువాత కూడ తిరిగి వచ్చుచునే యుండెను. నాటి తిరుగుబాటుతో గద్దె నెక్కినవారు మహమ్మదు బుహారీ. 2015లో ఆయన ఓటు ద్వారా మరల అధ్యక్షులైనారు; పదవిలో నున్న అధ్యక్షుడు ఎన్నికలో ఓడిపోవుట నైజీరియా చరిత్రలో అదియే ప్రథమము, జనము ఎంతయో ఆశపడినారు. 2017లో బుహారీ చికిత్సకై నెలల తరబడి లండనులో ఉండినారు. 2025 జులైలో మరణించినది కూడ లండను ఆసుపత్రిలోనే. అంతకు ముందటి అధ్యక్షులలో ఒకరైన యార్ అదువాను 2009లో సౌదీ అరేబియాకు తీసికొనిపోయినారు. రోగియైన మనిషిని నిందించుట మా ఉద్దేశము కాదు. కాని తన దేశపు ఆసుపత్రిలో పడుకొనవలసిన అగత్యము లేని పాలకునకు ఆ ఆసుపత్రిలో దూది లేదన్న సంగతి ఎట్లు తెలియును?

వైద్యులును ఆగలేదు. దేశము వదలి పారిపోవుటకు యువకులు వాడు యొరూబా మాట "జపా". ఇంగ్లండు, కెనడా దేశములకు వెళ్ళిన వైద్యులు, నర్సులు, సాఫ్ట్‌వేరు నిపుణులు వేల సంఖ్యలో నున్నారు. గట్టిగా అడుగగలవారే మొదట లారీ ఎక్కినారన్న రైలు కథ ఇక్కడ విమానము ఎక్కినది.

మిగిలినవారెవరు? హౌసా భాషలో పేద సామాన్యులను "తలకావా" అందురు. వారి పక్షమున 1950లో కానో నగరములో అమీనూ కానో మొదలగువారు ఒక పార్టీని స్థాపించి, అమీర్ల పాలనను, బ్రిటిషు అధికారమును కలిపి ప్రశ్నించినారు. వారు కోరిన న్యాయమునకు హౌసాలో మాట "అదల్చి". మన ఉర్దూ సోదరులకు పరిచయమైన అదల్, అదాలత్ అను మాటలకు ఇది తోబుట్టువు. అరబ్బీ మూలము ఒక్కటే. ఉత్తర నైజీరియాలో అడుగుట అను సంప్రదాయము నేటిది కాదని చెప్పుటకు ఈ మాట ఎత్తినాము.

చమురు ఈ రోగమును మరింత ముదురబెట్టినది. 1956లో ఒలోయిబిరి గ్రామమున చమురు పడినది. అటుపిమ్మట దశాబ్దముల పాటు ఎగుమతి రాబడిలో 90 శాతము వరకు దానిదే. రైల్వే నష్టమును ఖజానా పూడ్చినట్లు, ప్రభుత్వ నష్టమును చమురు పూడ్చినది. పౌరుని పన్నుతో బ్రతుకని ప్రభుత్వమునకు పౌరునకు లెక్క చెప్పవలసిన తొందర లేదు. పోర్ట్ హార్‌కోర్ట్, వారీ, కదూనాలలో నాలుగు ప్రభుత్వ శుద్ధి కర్మాగారములుండియు అవి ఏండ్ల తరబడి పని చేయలేదు. ముడి చమురు అమ్మి పెట్రోలు కొని తెచ్చుకొన్నారు. ఆ పెట్రోలును ప్రభుత్వము చౌకగా అమ్మెడిది. సామాన్యునకు చమురు సంపదలో చేతికందిన భాగము ఇంచుమించు అది యొక్కటే. 2012 జనవరి 1న ఆ రాయితీని తీసివేసి లీటరు 65 నైరాల నుండి రెట్టింపునకు పైగా పెంచగనే దేశమంతయు సమ్మె కట్టినది. 97కు దించవలసి వచ్చినది. 2023 మే 29న అధ్యక్ష పీఠమెక్కిన బోలా టినూబూ మొదటి ఉపన్యాసములోనే రాయితీ పోయినదని ప్రకటించినారు. 200 లోపున్న ధర దినములలోనే 500కు చేరినది, 2024 చివర సుమారు 1,000. నైరా విలువ కూడ పడిపోయినది. 2024 జూన్‌లో ఆహార ధరల పెరుగుదల ఏడాదికి 40 శాతము మించినది.

రాయితీ దండుగని అర్థశాస్త్రజ్ఞులు అనుచుండిరి. ఆ డబ్బులో చాల భాగము దళారుల పాలైన మాటయు నిజమే. కాని గ్రిడ్ కరెంటు లేని దేశములో పెట్రోలు ధర బండికి మాత్రమే తగులదు. మంగలి దుకాణపు దీపము, కుట్టుమిషను, నీటి పంపు, పచారీకొట్టు ఫ్రిజ్ అన్నియు ఆ చిన్న జనరేటరు మీదనే నడచుచున్నవి. అనగా వదలిపోవు దారి కూడ మూసికొనిపోయినది. అదే 2023లో శాసనసభ్యులకు ఒక్కొక్కటి సుమారు 16 కోట్ల నైరాల కార్లు కొనుచున్నారను వార్త వెలువడినది. అప్పటి కనీస వేతనము నెలకు 30,000 నైరాలు. మేము లెక్క వేసి చూచితిమి: ఒక కారునకు 444 ఏండ్ల జీతము. 2024 మే నెలలో ప్రభుత్వము తొందరపడి చేసిన పని, 1978లో మానివేసిన పాత జాతీయగీతమును మరల ప్రవేశపెట్టుట. ఆ గీతము వ్రాసినది ఒక ఆంగ్ల వనిత. ఆకలిగొన్నవానికి పాట మార్చి వినిపించుటను ఏమనవలెనో పాఠకులే నిర్ణయింతురు గాక.

ఓటు విషయమున కూడ ఇదే వరుస. 2003లో అధికార లెక్కల ప్రకారము 69 శాతము ఓటు వేసినారు. 2023లో పేరు నమోదైన 9 కోట్ల 34 లక్షల మందిలో పోలింగునకు వచ్చినవారు 27 శాతము. మిగిలినవారు ఇల్లు కదలకయే దేశము వదలినవారు.

అడుగుట మరల మొదలైనది 2020 అక్టోబరులో. దోపిడీ దొంగలను పట్టుటకై 1992లో ఏర్పరచిన "సార్స్" అను పోలీసు దళము, చేతిలో ల్యాప్‌టాప్ ఉన్న ప్రతి కుర్రవానిని దొంగయని పట్టి డబ్బు గుంజుట, కొట్టుట అలవాటు చేసికొన్నది. దానిని రద్దు చేయుడని లక్షలాది యువజనులు కదలినారు. అక్టోబరు 11న దళము రద్దైనది. 20వ తేదీ రాత్రి లాగోస్‌లోని లెక్కీ టోల్ గేటు వద్ద సైనికులు కాల్పులు జరిపినారు. ప్రభుత్వమే నియమించిన విచారణ సంఘము మరుసటి ఏడు దానిని నరమేధముగా వర్ణించినది, ప్రభుత్వము అంగీకరింపలేదు. ఈ ఉద్యమములో మమ్ము ఎక్కువగా ఆకర్షించినది ఒక చిన్న సంగతి. ఫెమినిస్ట్ కోయలిషన్ అను మహిళల సంఘము 14 కోట్ల 70 లక్షల నైరాలకు పైగా విరాళములు సేకరించి, వైద్యమునకెంత, భోజనమునకెంత, న్యాయవాదులకెంత అని జమాఖర్చులను ఎప్పటికప్పుడు బహిరంగముగా ప్రకటించినది. ప్రభుత్వము ఏండ్ల తరబడి చూపని లెక్కను ఇరువది ముప్పది ఏండ్ల యువతులు దినదినము చూపినారు.

2024 ఆగస్టు నిరసనలో పోలీసుల చేతిలో కనీసము 24 మంది మరణించినారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ తెలిపినది. నవంబరు 1న అబూజాలోని ఫెడరల్ హైకోర్టు ముందుకు 76 మందిని రాజద్రోహ నేరముపై తెచ్చినప్పుడు వారిలో పలువురు మైనరు బాలురు. వారిలో కొందరు నీరసముతో కోర్టులోనే పడిపోయినారు. దేశమంతట గగ్గోలు పుట్టగా, కొలది దినములలో కేసు ఎత్తివేసినారు.

నైజీరియా కష్టములన్నిటికి నాయకత్వ లోపమే కారణమని ప్రఖ్యాత రచయిత చినువా అచెబె 1983లో ఒక చిన్న పుస్తకము వ్రాసినారు. ఆయన మాటలో నిజాయితీ ఉన్నది. ప్రభుత్వము 2004లోను, 2011లోను ఇచ్చిన జాతీయ గౌరవమును ఆయన తిరస్కరించినారు. అయినను మేము పూర్తిగా ఏకీభవింపజాలము. మంచి నాయకుడు వచ్చును గాక యని ఎదురు చూచుటలో నలుబది ఏండ్లు గడచినవి. నాయకుడు ఎట్టివాడైనను, అతనిని ప్రతిదినము విసిగించి అడుగు జనము లేనిచో అతడు చెడుటకు ఎంతో కాలము పట్టదు. అబాచా ప్రకటన నుండి అబాచా ఖాతాల వరకు పట్టిన వ్యవధి మన ముందున్నది.

2011లో లాగోస్‌లో మొదలైన "బడ్జిట్" అను సంస్థ ప్రభుత్వ బడ్జెటును సామాన్యునకు తెలియునట్లు బొమ్మలతో అచ్చువేయుచున్నది. దాని శాఖ "ట్రాకా" కార్యకర్తలు బడ్జెటు కాగితము చేత పట్టుకొని పల్లెలకు పోవుదురు. ఈ ఊరికి బోరుబావి, ఈ బడికి రెండు గదులు మంజూరైనవని అందున్నది, ఎక్కడ నున్నవో చూపుడని అడుగుదురు. పలుమార్లు ఊరివారికి అట్టి మంజూరు సంగతియే తెలియదు. అప్పుడు ఊరివారే తమ శాసనసభ్యునకు ఉత్తరము వ్రాయుదురు. జవాబు రానిచో మరల వ్రాయుదురు.