సెరామిక్ టోన్ బార్

సెరామిక్ టోన్ బార్ అనగా స్టీల్ గిటారు వాయించేవారు ఎడమచేతితో తీగలపై జరుపుతూ స్వరస్థానాలను నిర్ణయించుటకు వాడే, కాల్చిన మట్టితో లేదా పింగాణీతో తయారైన కడ్డీ. ఇటువంటి కడ్డీలు సాధారణంగా ఉక్కుతో చేయబడతాయి. వాద్యానికి స్టీల్ గిటారు అనే పేరు ఈ ఉక్కు కడ్డీ వల్ల వచ్చినదే కాని గిటారును ఉక్కుతో చేయుట వల్ల వచ్చినది కాదు. ఉక్కుకు బదులుగా ఇత్తడి, గాజు, కొయ్య, కొమ్ము, ప్లాస్టిక్ వంటి పదార్థాలు కూడా వాడుకలో ఉన్నాయి. సెరామిక్ కడ్డీలలో కొన్ని కర్మాగారాలలో తయారు కాగా, మరికొన్నిటిని కుమ్మరి పనిలో నేర్పు గలవారు చేతితో చేస్తారు. చేతి తయారీ కడ్డీలు ఒకదానినొకటి పూర్తిగా పోలి ఉండవు. కొనేవారికి ఆకర్షణ, ఇబ్బంది రెండూ ఇక్కడే ఉన్నాయి.

టోన్ బార్ చేసే పని

మామూలు గిటారులో వేలితో తీగను మెట్టు వెనుక నొక్కినపుడు తీగ ఆ మెట్టును తాకి, అక్కడి నుండి మాత్రమే కంపిస్తుంది. స్టీల్ గిటారులో తీగలు పలక నుండి బాగా ఎత్తులో ఉంటాయి. వాద్యాన్ని ఒడిలో గాని బల్లపై గాని పరుండబెట్టి, కడ్డీని తీగలపై ఆనించి వాయిస్తారు. తీగ మెట్టును తాకదు. మెట్లు కేవలం కంటికి గుర్తులుగా ఉపయోగపడతాయి. కడ్డీ తీగను తాకిన చోటే తీగ కంపనానికి ఒక కొన అవుతుంది. కాబట్టి కడ్డీని జరిపిన కొద్దీ స్వరం ఎక్కడా తెగకుండా పైకి లేదా క్రిందికి సాగుతుంది. ఇది గమకానికి ఎంతో అనుకూలమైన పద్ధతి.

ఈ సౌలభ్యానికి తగిన మూల్యం కూడా ఉంది. 610 మిల్లీమీటర్ల పొడవైన తీగపై 12వ మెట్టు వద్ద కడ్డీ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే శ్రుతి సుమారు 6 సెంట్లు మారుతుంది (ఒక అర్ధస్వరానికి 100 సెంట్లు). పై స్థాయిలో 24వ మెట్టు వద్ద అదే ఒక మిల్లీమీటరుకు సుమారు 11 సెంట్ల తేడా వస్తుంది. శిక్షణ గల చెవి దీనిని వెంటనే పట్టుకుంటుంది. కడ్డీ వంకరగా ఉంటే ఈ తప్పు వాయించేవాని చేతిలో గాక వస్తువులోనే ఉంటుంది, సాధనతో సరిదిద్దుకొనుటకు వీలు పడదు.

చరిత్ర

స్టీల్ గిటారు పుట్టినిల్లు హవాయి దీవులు. ఓహూ దీవిలో 1874లో జన్మించిన జోసెఫ్ కెకుకు ఈ వాదన పద్ధతికి ఆద్యుడని ఎక్కువమంది అంగీకరిస్తారు. రైలు పట్టాల వెంట నడుస్తుండగా దొరికిన ఒక ఇనుప మేకు గిటారు తీగలకు తగిలి వింత ధ్వని పుట్టిందనీ, ఆపైన హోనొలులులోని కమెహమెహ పాఠశాల కార్ఖానాలో అతడు తగిన ఉక్కు కడ్డీని తయారు చేసుకున్నాడనీ ప్రచారంలో ఉన్న కథ. ఈ గౌరవం ఇతరులకు దక్కాలనే వారూ ఉన్నారు. వారు చెప్పే పేర్లలో గేబ్రియల్ డేవియన్ అనే భారతదేశంలో పుట్టిన యువకుడు ఒకడు. ఇతనిని ఒక ఓడ కెప్టెన్ ఎత్తుకొనిపోగా హవాయి చేరాడని చెబుతారు. కెకుకు 1904లో హవాయిని విడిచి అమెరికా ప్రధాన భూభాగంలో కచేరీలు చేశాడు, 1932లో మరణించాడు.

1915లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ అంతర్జాతీయ ప్రదర్శన తరువాత హవాయి సంగీతం అమెరికా అంతటా మోజుగా మారింది. 1932లో రికెన్‌బాకర్ వారి విద్యుత్ స్టీల్ గిటారు విపణిలోకి వచ్చింది. పెనం ఆకారంలో ఉండుట వలన దీనిని "ఫ్రయింగ్ పాన్" అని పిలిచేవారు. 1950లలో కాలితో నొక్కి తీగల శ్రుతిని మార్చే పెడల్ స్టీల్ గిటారు అమెరికా కంట్రీ సంగీతంలో స్థిరపడింది. తీగల సంఖ్య ఆరు నుండి ఎనిమిదికి, పదికి, పన్నెండుకు పెరుగుతూ పోగా కడ్డీ కూడా పొడవుగా, లావుగా, బరువుగా మారింది. నేడు పది తీగల వాద్యానికి వాడే ఉక్కు కడ్డీ రమారమి 22 నుండి 24 మిల్లీమీటర్ల మందంతో, 80 మిల్లీమీటర్లకు పైగా పొడవుతో, ఒక కొన తూటావలె గుండ్రంగా ఉంటుంది. దాని బరువు 200 గ్రాములు దాటుతుంది.

భారతదేశంతో సంబంధం

హవాయి కళాకారుడు టావ్ మో కుటుంబంతో సహా 1940లలో కలకత్తాలో నివసించి ఈ వాద్యాన్ని అక్కడివారికి పరిచయం చేశాడు. తరువాత బ్రిజ్ భూషణ్ కాబ్రా (1937–2018) దీనిపై హిందుస్తానీ రాగాలను వాయించి శాస్త్రీయ వేదికపైకి తెచ్చాడు. 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలసి ఆయన వాయించిన "కాల్ ఆఫ్ ది వ్యాలీ" ఎంతో ప్రజాదరణ పొందింది. విశ్వమోహన్ భట్ తన మోహనవీణతో 1994లో గ్రామీ పురస్కారం అందుకున్నాడు.

కడ్డీని జరుపుతూ వాయించుట మాత్రం భారతదేశానికి కొత్త కాదు. ఉత్తరాదిలో విచిత్రవీణను గాజు గుండుతో వాయిస్తారు. దక్షిణాదిన కర్ణాటక సంగీతంలో వాడే గోటువాద్యం (చిత్రవీణ) కూడా మెట్లు లేని వీణయే. దీనికి నల్లచేవ కొయ్య, గేదె కొమ్ము మొదలగు వాటితో చేసిన కడ్డీని వాడుట సంప్రదాయం, ఇటీవలి కాలంలో టెఫ్లాన్ కూడా వాడుతున్నారు. ఉక్కుతో పోలిస్తే ఇవన్నీ చాలా తేలికైన వస్తువులు. అయినప్పటికీ గోటువాద్య విద్వాంసులు వీటితోనే దీర్ఘమైన నాదాన్ని రాబడతారు. సెరామిక్ కడ్డీ తేలికగా ఉంటుంది కనుక పనికిరాదు అనే వాదనకు ఈ వాద్యం మంచి సమాధానం.

బరువు మరియు నాదం

సెరామిక్ అనేది ఒక్క పదార్థం పేరు కాదు. ఊరగాయ జాడీ, తేనీటి కప్పు, దంతవైద్యుడు అమర్చే తెల్లని తొడుగు ఈ మూడూ సెరామిక్‌లే. వీటి సాంద్రతలు వేరు వేరు. జాడీ మట్టి, పింగాణీలు ఘన సెంటీమీటరుకు సుమారు 2.4 గ్రాములు తూగుతాయి. అల్యూమినా 3.9, జిర్కోనియా 6, ఉక్కు 7.8 గ్రాములు ఉంటాయి. 22 మి.మీ. మందం, 82 మి.మీ. పొడవు గల నిండు కడ్డీని లెక్కగడితే ఉక్కుది 243 గ్రాములు, జిర్కోనియాది 187, అల్యూమినాది 122, పింగాణీది కేవలం 75 గ్రాములు అవుతుంది. కొన గుండ్రం చేయుట వలన, పట్టుకు గుంట తీయుట వలన వాస్తవ బరువు ఇంకొంత తగ్గుతుంది.

బరువైన కడ్డీ తీగ కంపనానికి కదలక నిలబడుతుంది. కంపన శక్తి కడ్డీలోనికి పోకుండా తిరిగి తీగలోనికే వస్తుంది గనుక నాదం ఎక్కువసేపు నిలుస్తుంది, పై అనుస్వరాలు స్పష్టంగా వినబడతాయి. తేలిక కడ్డీ తీగతో పాటు తానూ కొద్దిగా కదులుతుంది, వేళ్ళ మెత్తదనం కూడా దానికి తోడవుతుంది. ఫలితంగా నాదం త్వరగా తగ్గి, మెత్తగా, గుండ్రంగా వినిపిస్తుంది. వాయించేవారు "మట్టి గుణం" అని మెచ్చుకొనే ఈ మార్దవంలో అధిక భాగం నిజానికి తక్కువ బరువు వల్ల, ఉపరితలం నునుపు వల్ల కలిగేదే. ఒకే పింగాణీతో చేసిన బోలు కడ్డీ, నిండు కడ్డీ వేరుగా పలుకుట దీనికి నిదర్శనం. ఆరు తీగల ఒడి గిటారుకు పింగాణీ చక్కగా సరిపోతుంది. పది తీగల పెడల్ స్టీలుపై ఉక్కు బరువుకు అలవాటుపడిన చేతికి మాత్రం అది వెలితిగా తోస్తుంది. అటువంటివారికి జిర్కోనియా దగ్గరగా ఉంటుంది.

కాఠిన్యం విషయంలో సెరామిక్‌దే పైచేయి. మోస్ కొలమానంలో పింగాణీ సుమారు 7, జిర్కోనియా 8 కంటె ఎక్కువ, అల్యూమినా 9 వద్ద ఉంటాయి. చుట్టు తీగలు ఇత్తడి కడ్డీపై గీతలు పెట్టినట్లుగా వీటిపై పెట్టలేవు. తుప్పు పట్టదు. నికెల్, క్రోమియం పూతలు పడని చర్మం గలవారికి ఇది ఉపశమనం.

విద్యుత్ వాద్యాలలో మరొక చిన్న తేడా ఉంది. లోహపు కడ్డీ ద్వారా వాయించేవాని శరీరం తీగలతో, వాటి ద్వారా భూసంధానంతో కలుస్తుంది, అందువలన యాంప్లిఫయర్‌లో వినబడే ఝుంకారం తగ్గుతుంది. సెరామిక్ విద్యుత్ బంధకం కనుక ఆ మార్గం ఉండదు. అయితే అనవసర ధ్వనిని అణచుటకు కడ్డీ వెనుక ఎడమచేతి వేళ్ళను తీగలపై ఆనించే అలవాటు ఎలాగూ ఉంటుంది కాబట్టి, సాధారణంగా ఇది ఇబ్బంది కాదు.

చేతి తయారీ

చిన్న వస్తువు కదా అని తేలికగా కనబడినా, నిండు మట్టి కడ్డీ కుమ్మరికి కష్టమైన పని. కుండ గోడ పలుచనిది, త్వరగా సమంగా ఆరుతుంది. కడ్డీ పైభాగం ఆరిపోయినా మధ్యభాగం తడిగానే ఉంటుంది. పైభాగం ముందు కుంచించుకుపోయి పగుళ్ళు వస్తాయి. లోపల తేమ మిగిలి ఉండగా బట్టీలో పెడితే నీరు ఆవిరై కడ్డీ పగిలిపోతుంది, పక్కనున్న వాటినీ పాడు చేస్తుంది. అందుచేత కడ్డీలను కప్పి ఉంచి, తిప్పుతూ, చాలా రోజులపాటు నెమ్మదిగా ఆరబెట్టాలి. కొందరు పలుచని మట్టి ద్రవాన్ని అచ్చులో పోసి బోలుగా చేస్తారు. దీనితో ఎండుట సులువవుతుంది కాని ఉన్న కాస్త బరువూ పోతుంది.

ముందుగా 900–1000 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒకసారి, మెరుగు పూత పూసిన తరువాత 1200–1300 డిగ్రీల వద్ద మరొకసారి కాల్చుట సాధారణ పద్ధతి. పింగాణీ మట్టి తడిగా ఉన్నప్పటి కొలత నుండి పూర్తిగా కాలేసరికి నూటికి 12 నుండి 15 వంతులు కుంచించుకుపోతుంది. 13 వంతులు తగ్గే మట్టితో 22 మి.మీ. కడ్డీ కావాలంటే తడి కడ్డీని 25.3 మి.మీ. మందంతో చేయాలి. ప్రతి మట్టికి ఈ లెక్క వేరు, ఒకే మట్టిలోనూ నీటి పాళ్ళను బట్టి మారుతుంది. చేతితో చేసిన రెండు కడ్డీలు ఒకే కొలతకు రాకపోవుటకు ముఖ్య కారణం ఇదే.

అసలు చిక్కు కాల్పులో ఉంది. పై ఉష్ణోగ్రత వద్ద పింగాణీ కొంత మెత్తబడుతుంది. పడుకోబెట్టిన కడ్డీ తన బరువుకే క్రిందివైపు చదునవుతుంది, పైగా కరిగిన మెరుగు బట్టీ పలకకు అంటుకుంటుంది. నిలబెడితే ఒక పక్కకు ఒరగవచ్చు. చాలామంది నిలబెట్టే కాలుస్తారు. అందుకే జాడీ అడుగు వలె ఈ కడ్డీల ఒక కొన మెరుగు లేకుండా గరుకుగా ఉంటుంది. అది లోపం కాదు, బొటనవేలికి పట్టు దొరుకుట వలన కొందరు దానినే ఇష్టపడతారు.

వంకరను సరిచేయుటకు కాల్చిన తరువాత అరగదీయాలి. మెరుగు పూత ఒక మిల్లీమీటరు కంటె చాలా పలుచన, అరగదీస్తే లోపలి మట్టి బయటపడుతుంది. రంగు రంగుల మెరుగు గల కడ్డీ చూచుటకు ఎంత అందంగా ఉన్నా, అది బట్టీ నుండి ఎంత నిటారుగా వచ్చిందో అంతే. వాయించుటకే ముఖ్యత ఇచ్చేవారు మెరుగు వేయకుండా, దట్టంగా కాలిన పింగాణీని వజ్రపు పొడి గల రాపిడి పలకలతో నునుపు చేస్తారు. ఈ పని నీటి ధార క్రింద చేయాలి. పొడిగా రుద్దితే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే నయం కాని వ్యాధిని కలిగిస్తుంది.

జిర్కోనియా కడ్డీలు ఈ కుమ్మరి పనిలోకి రావు. మెత్తని చూర్ణాన్ని అధిక పీడనంతో అదిమి, సుమారు 1450–1500 డిగ్రీల వద్ద కాల్చి, వజ్రపు చక్రాలతో చెక్కుతారు. అందువలన వాటి కొలత కచ్చితంగా ఉంటుంది, ధర కూడా ఎక్కువే.

ఎంపిక, సంరక్షణ

కొనే ముందు కడ్డీని మందపాటి గాజు పలకపై దొర్లించి చూడాలి. నిటారుగా ఉన్నది నిశ్శబ్దంగా సాగిపోతుంది. వంకర ఉన్నది ఎగురుతూ టకటకమంటుంది. కడ్డీని గాజుపై ఉంచి వెనుక దీపం పెడితే మధ్యలో వెలుతురు గీత కనబడుట మరొక గుర్తు. తరువాత వాద్యంపై ఉంచి తీగలను ఒక్కొక్కటిగా మీటాలి. ఏ తీగ అయినా జరజరమంటే కడ్డీ అక్కడ సరిగా ఆనడం లేదని అర్థం. బరువైన ఉక్కు కడ్డీ చిన్న వంపును తన బరువుతో అదిమి కప్పిపుచ్చగలదు. 75 గ్రాముల పింగాణీకి ఆ శక్తి లేదు, ఆ లోటును చేయి గట్టిగా నొక్కి తీర్చవలసి వస్తుంది, నొక్కిన కొద్దీ శ్రుతి పైకి పోతుంది.

వాయించిన తరువాత పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ఉక్కు తీగల నుండి అంటిన బూడిదరంగు మరకలు గీతలు కావు, సబ్బు నీటితో పోతాయి. ఉక్కు కడ్డీ జారిపడితే నేలకు దెబ్బ తగులుతుంది, పింగాణీ కడ్డీ జారిపడితే కడ్డీయే విరుగుతుంది. కొన వద్ద చిన్న పెచ్చు ఊడినా దాని అంచు తీగను కోయగలదు కనుక, ఆ వైపును తీగలకు తగలనివ్వకుండా పట్టుకోవాలి, లేదా నీటిలో తడుపుతూ మెత్తని రాపిడి కాగితంతో అంచును గుండ్రం చేసుకోవాలి.