పీకకూడని నారు

భట్టిప్రోలు చుట్టుపక్కల నారు అంటే వరినారే. మడిలోంచి గుప్పెడు గుప్పెడు పీకి, వేళ్ల బురద నీళ్లలో జాడించి, కట్టలు కట్టి గట్టు మీదికి విసిరినా వరి తట్టుకుంటుంది. నాటిన కొద్ది రోజులకే పచ్చబడి లేస్తుంది.

పుచ్చ అలా కాదు. లేత వేరు తెగితే మళ్లీ అంత తొందరగా పుట్టదు. మొక్క బతికినా ఎదుగు లేక ముడుచుకుపోతుంది. అందుకే పెద్దలు పుచ్చకు నారు పోయలేదు, పాదులోనే నేరుగా గింజ పెట్టారు. పాదుకు రెండు మూడు గింజలు వేసి, బాగున్న మొక్కను ఉంచి తక్కినవి తీసేసేవారు. హైబ్రిడ్ గింజల ధర చూశాక అలా తీసేయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

ఇక్కడి మాగాణిది మరో చిక్కు. నల్లరేగడిలో వరి కోశాక తడి త్వరగా ఆరదు. కోత తర్వాత ఎక్కువమంది మినుము, జొన్న, మొక్కజొన్నల వైపు వెళ్తారు. పుచ్చ మాత్రం నీరు నిలవని నేలను కోరుకుంటుంది. బాపట్ల వైపు సముద్ర తీరపు ఇసుక నేలల్లో ఆ బెంగ లేదు. రేగడిలో ఎత్తు బోదెలు తోలుకోవాల్సిందే. వేసవి మొదట్లో కాయ తెగాలంటే డిసెంబరు, జనవరిలోనే గింజ పడాలి. గింజకేమో 25 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. చలికి చల్లబడిన తడినేలలో అది మొలవడానికి ఆలస్యం చేస్తుంది, ఒక్కోసారి కుళ్లిపోతుంది. అదే గింజను ఇంట్లో ట్రేలో మొలిపిస్తే, చేను ఆరి బోదెలు సిద్ధమయ్యేలోగా రెండు వారాలు కలిసొస్తాయి.

98 గుంతల ప్రోట్రేలో మగ్గిన కొబ్బరి పొట్టు నింపి, గుంతకు ఒక్కటే గింజ, అరంగుళం లోతున పెట్టాలి. తడిపిన ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి పాలిథిన్ షీటు కప్పితే లోపల వెచ్చగా ఉంటుంది. పెరట్లో నాలుగు పాదులు వేసుకునేవారికి అడుగున చిల్లు పెట్టిన కాగితపు టీ కప్పులు చాలు.

ఎక్కువ నారు పాడయ్యేది ఈ షీటు కిందే. మూడోరోజు నుంచి పొద్దునా సాయంత్రం షీటు ఎత్తి చూడాలి. తెల్లటి మొలక మెడ వంచి పైకి కనిపించగానే ట్రేలు విడదీసి వెలుతురులో పరవాలి. ఒక్కరోజు ఆలస్యమైనా కాడలు పాలిపోయి, సన్నగా సాగి వాలిపోతాయి. అలా సాగిన నారును తర్వాత ఎంత ఎండ చూపించినా దిద్దలేం. నీళ్లు ఎక్కువైనా ప్రమాదమే: కాడ మొదలు నీరు పట్టినట్టు మెత్తబడి, నారుకుళ్లు తెగులుతో మొక్క పక్కకు పడిపోతుంది. పొట్టు పైపైన ఆరాకే, ఉదయం పూట తడపడం మేలు. వైరస్ తెగుళ్లు మోసుకొచ్చే తామర పురుగులు, తెల్లదోమ చేరకుండా సన్న కన్నుల నెట్ తప్పనిసరి.

ట్రే నారుతో సులువయ్యే మరో పని అంటుకట్టడం. జపాన్ రైతులు 1920ల్లోనే పుచ్చ మొక్కను గుమ్మడి వేరు మీద అంటుకట్టారు, తర్వాత సొర వేరునూ వాడారు. ఏటా పుచ్చే వేసిన నేలలో పట్టే ఎండు తెగులును ఆ వేర్లు తట్టుకుంటాయి.

రెండు అసలు ఆకులు విచ్చుకునేసరికి, అంటే 12 నుంచి 15 రోజులకు, నారు సిద్ధం. అంతకుమించి ఉంచితే వేరు గుంతలోనే చుట్టలు చుట్టుకుంటుంది. చివరి రెండు మూడు రోజులు నీళ్లు తగ్గించి ఎండకు అలవాటు చేయాలి. నాటే రోజు ట్రేని తడిపి, గుంతను కింది నుంచి వేలితో నొక్కితే, తెల్లటి వేళ్లు అల్లుకున్న పొట్టు ముద్ద ముద్దగానే చేతిలోకి వస్తుంది. కాడ పట్టుకుని లాగకూడదు. సాయంత్రం చల్లబడ్డాక, ముద్ద చెదరకుండా పాదులో దించి, కాడ మట్టిలో కూరుకుపోకుండా సర్ది, వెంటనే తడి ఇవ్వాలి. నాలుగైదు రోజుల్లో పోయిన పాదులు తెలిసిపోతాయి. వాటికోసం ఒక ట్రే నారు నెట్ కిందే ఉంచుకోవాలి.